సెంటీమీటరు వాన: మూసీ వరద నుండి మాదాపూరు వరకు

వాన కురిసిన మరునాడు పత్రికలోను, రేడియోలోను, ఇప్పుడు చేతిలోని ఫోనులోను ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది: "గడచిన 24 గంటలలో మాదాపూరులో ఇన్ని సెంటీమీటర్ల వర్షపాతం నమోదైనది." ఈ వాక్యం చదవని వారు లేరు. కాని పొడవును కొలిచే సెంటీమీటరుతో నీటిని కొలవడమేమిటని ఆగి ఆలోచించేవారు తక్కువ. ఈ చిన్న కొలత వెనుక ఎంత నీరున్నదో, ఆ నీరు ఎక్కడికి పోతుందో ముందుగా లెక్క కట్టకపోతే ఏమి జరుగుతుందో హైదరాబాదు నగరం 1908లో ఒక్క రోజులో తెలిసికొన్నది. ఆనాటి పాఠం నేటి హైటెక్ సిటీకి కూడా వర్తిస్తుంది.

వాన కొలత

వర్షమాపకం ఆడంబరం లేని పరికరం. పైన ఒక గరాటు, దాని కింద నీరు చేరే పాత్ర, ఆ నీటిని కొలవడానికి గీతలున్న గాజు గొట్టం: ఇంతే. చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట దీనిని నిలుపుతారు. పడిన వాన ఇంకిపోక, ఆవిరి కాక, పారిపోక పడిన చోటనే నిలిచి ఉంటే ఎంత లోతు ఉండేదో ఆ లోతే వర్షపాతం. అందువల్లనే దానిని లీటర్లలో కాక పొడవు కొలతతో చెబుతారు. గరాటు చిన్నదయినా పెద్దదయినా ఈ లోతు మారదు.

లోతు తెలిస్తే నీటి పరిమాణం తెలిసికొనుట సులభం. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగా ఒక లీటరు నీరు. ఒక ఎకరంపై ఒక సెంటీమీటరు పడితే సుమారు 40 వేల లీటర్లు. ఒక చదరపు కిలోమీటరుపై అదే సెంటీమీటరు ఒక కోటి లీటర్లవుతుంది. సెంటీమీటరు అనే మాట చిన్నదే. దానిని విస్తీర్ణంతో హెచ్చవేసినప్పుడు అది చెరువవుతుంది, ఏరవుతుంది.

మన దేశంలో ప్రతి ఉదయం 8 గంటల 30 నిమిషాలకు ఈ కొలత తీస్తారు. వాతావరణ శాఖ లెక్కలో రోజు అర్ధరాత్రితో ముగియదు. ఈ సమయంతో ముగుస్తుంది. అందుచేత 13వ తేదీ రాత్రి కురిసిన వాన 14వ తేదీ లెక్కలో చేరుతుంది. ఈ సంగతి తెలియక తేదీలు పొరబడేవారు చాలామంది ఉన్నారు.

వానను కొలవవలెననే ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యపు కొట్టారు వద్ద వర్షమానపాత్ర ఉంచవలెనని ఉన్నది. ఏ దేశానికి ఎంత వాన సహజమో కూడ అందులో చెప్పబడినది. ఆ పట్టికలో అశ్మక దేశం పేరు కనిపిస్తుంది. ఆ దేశపు రాజధాని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఎంత వానకు ఏ పంట వేయవచ్చును, ఎంత పన్ను రాబట్టవచ్చును అన్నది ఆనాటి అవసరం.

తుఫాను నేర్పిన పారిభాషిక పదాలు

ఆధునిక కాలంలో అవసరం మారినది. 1864లో కలకత్తాను ఒక భయంకరమైన తుఫాను ముంచెత్తినది. తరువాత రెండేండ్లకు తూర్పు భారతంలో వానలు తప్పి క్షామం వచ్చినది. ఈ ఆపదల తరువాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెచ్. ఎఫ్. బ్లాన్ఫర్డ్ దానికి తొలి అధికారి. దేశమంతటా ఒకే సమయంలో, ఒకే పద్ధతిలో తీసిన కొలతలను ఒకచోట చేర్చి చూసినప్పుడే గాలి నడక అర్థమవుతుందని ఆ శాఖ పని వలన స్పష్టమయినది.

నేడు వార్తలలో వినిపించే పదాలు ఆ కొలతల నుండి పుట్టినవే. గాలికి బరువున్నది, ఆ బరువు నేలపై కలిగించే ఒత్తిడి వాయుపీడనం. దీనిని కొలిచే సాధనం భారమితి. చుట్టుపక్కల కంటె ఒకచోట పీడనం తగ్గితే అది అల్పపీడనం. అన్ని వైపుల నుండి గాలి అక్కడికి చేరవలెనని చూస్తుంది. భూభ్రమణం వలన నేరుగా పోలేక సుడి తిరుగుతుంది. ఆ గాలి వేగాన్ని బట్టి పేరు మారుతుంది. గంటకు 31 కిలోమీటర్ల లోపు అయితే అల్పపీడనం. 31 నుండి 49 వరకు వాయుగుండం. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 నుండి 88 వరకు తుఫాను. ఆపైన తీవ్ర తుఫాను. ఈ పేర్లు గాలి వేగానికి కొలమానాలు, వానకు కావు. కనుక "తుఫాను కాదు, వాయుగుండమే" అన్న మాట విని నిశ్చింతగా ఉండుట పొరపాటు. గాలి తక్కువగా ఉన్న వాయుగుండమే నిదానంగా కదలుతూ కుండపోతగా కురియవచ్చును.

1908 సెప్టెంబరు 28

ఉత్తర, హస్త కార్తెలు చెరువులు నిండే కాలమని రైతుకు తెలుసు. ఉత్తరలోను వాన లేకపోతే ఊరు విడువవలసినదేనన్న భావంతో "ఉత్తర చూసి ఎత్తర గంప" అనే సామెత పుట్టినది. 1908లో హస్త కార్తె ఆరంభపు రోజులలో మాత్రం వాన కావలసిన దానికంటె ఎన్నో రెట్లు కురిసినది. నగరానికి నైరుతిన ఉన్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు నమోదైనవి. నేటి కొలతలో అవి సుమారు 32 సెంటీమీటర్లు, 48 సెంటీమీటర్లు.

నగరానికి ఎగువన మూసీలోకి, దాని ఉపనది ఈసీలోకి నీరు చేరే నేలను పరీవాహక ప్రాంతం అంటారు. అది 860 చదరపు మైళ్లు, అనగా సుమారు 2,230 చదరపు కిలోమీటర్లు. అందులో 788 చెరువులు ఉండేవి. దాదాపు చదరపు మైలుకు ఒక చెరువన్న మాట. మామూలు వానలకు ఇవే నగరానికి రక్ష. కాని ఆ రాత్రి 221 చెరువులు తెగినవి. ఎగువ చెరువు తెగితే ఆ నీరు దిగువ చెరువు కట్టపై పడుతుంది; అదీ తెగుతుంది. ఈ విధంగా వాన నీటికి చెరువుల నీరు తోడై, సెప్టెంబరు 28న మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహం వచ్చినట్లు తరువాత లెక్క తేలినది. వంతెనలు మునిగినవి. నదీతీరపు పేటలు కొట్టుకొనిపోయినవి. మరణించినవారు సుమారు 15,000 మంది అని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే కోల్పోయినాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. శంషాబాదులో వర్షమాపకం ఉన్నది, అది కొలిచినది. లేనిదల్లా ఆ కొలతను అప్పటికప్పుడు దిగువకు చేరవేసి, ఇంత వానకు ఇంత వరద, ఇన్ని గంటలకు నగరం చేరుతుందని చెప్పే ఏర్పాటు. మన దేశంలో అటువంటి శాస్త్రీయ వరద సూచన 1958లో ఢిల్లీ వద్ద యమునా నదిపై గాని మొదలు కాలేదు.

విశ్వేశ్వరయ్య లెక్క

వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సహాయం కోరినది. ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు వచ్చి, వర్షపాతపు లెక్కలను, చెరువుల స్థితిని, నది మట్టాలను పరిశీలించి, అదే సంవత్సరం అక్టోబరులో నివేదిక సమర్పించినాడు. ఆయన చేసినది ప్రధానంగా సెంటీమీటరును నీటిగా మార్చే పనే. ఎంత విస్తీర్ణంపై ఎంత వాన పడవచ్చును, అందులో ఎంత నదిలోకి వస్తుంది, నదికి ఎంత మోసే శక్తి ఉన్నది, మిగిలినదానిని ఎక్కడ ఆపవలెను అన్నవి ఆయన ముందున్న ప్రశ్నలు.

విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవచ్చును. ఆ 2,230 చదరపు కిలోమీటర్లపై సగటున 10 సెంటీమీటర్ల వాన పడినదనుకొందురు గాక. అది 22 కోట్ల 30 లక్షల ఘనమీటర్లు. అనగా దాదాపు 8 టి.ఎం.సి.లు. ఉస్మాన్‌సాగర్ నిండితే పట్టే నీరు 3.9 టి.ఎం.సి.లు. పది సెంటీమీటర్ల వాన రెండు ఉస్మాన్‌సాగర్ల నీటికి సమానం! నేలలో ఇంకేది, చెరువులలో ఆగేది తీసివేసినా మిగిలేది తక్కువ కాదు.

వరద నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదలడానికి నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించవలెనని విశ్వేశ్వరయ్య సూచించినాడు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయినవి. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట చెరువంటారు. మంచినీటి చెరువుగా పేరు పొందిన గండిపేట పుట్టుక వరద భయం నుండి జరిగినదని మరువరాదు.

రాళ్ల నేల, అద్దాల మేడలు

గండిపేటకు దగ్గరలోనే నేడు ఐ.టి. సంస్థల పడమటి కొస అయిన కోకాపేట, నార్సింగి ఉన్నవి. వాటికి తూర్పున గచ్చిబౌలి, రాయదుర్గం, మాదాపూరు. ఇక్కడి గ్రానైటు శిల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. శిల నీటిని ఇంకించుకొనదు. కాని గుండ్ల మధ్యనున్న మట్టి, పొదలు, కుంటలు వాన నీటిని ఆపి కొంత లోపలికి, కొంత చెరువులకు పంపేవి. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు నీరు అందించిన దుర్గం చెరువు ఇటువంటి రాళ్ల నడుమనే ఉన్నది. 1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అటుపైన పాతికేండ్లలో మట్టి ఉన్నచోట సిమెంటు, తారు పరచుకొన్నవి.

ఇందువలన సెంటీమీటరు మారలేదు. కాని దాని ఫలితం మారినది. ఒక చదరపు కిలోమీటరు మేరలో సాయంకాలం ఒక గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్ల నీరు వస్తుంది. వేసవిలో ఈ మేడలకు నీరు తెచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లతో లెక్కిస్తే అది 10,000 ట్యాంకర్లు. ఇంకే దారి లేని నీరంతా ఒక్కసారిగా రోడ్డు పట్టుకొని పల్లం వెదకుతుంది. అందుచేత నగరంలో 24 గంటల వర్షపాతం ఒక్కటే చాలదు. గంటకు ఎంత కురిసినదన్న తీవ్రత కూడ తెలియవలెను.

2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల వర్షపాతం 24 సెంటీమీటర్లు. 2020 అక్టోబరు 13 ఉదయం ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపంలో తీరం దాటి తెలంగాణ మీదుగా సాగినది. మరునాటి ఉదయానికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు, తూర్పున ఘటకేసర్ ప్రాంతంలో సుమారు 32 సెంటీమీటర్లు నమోదైనవి. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినది. ఆ నెలలోనే నగరానికి దక్షిణాన గుర్రం చెరువు కట్ట తెగినది. 1908లో తెగిన 221 చెరువుల కథ 112 ఏండ్ల తరువాత చిన్న రూపంలో తిరిగి కనిపించినది.

సూచనను చదివే తీరు

నేడు వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకు నిర్ణీతమైన అర్థమున్నది. 24 గంటలలో 15.6 నుండి 64.4 మిల్లీమీటర్ల వరకు పడితే మోస్తరు వర్షం, 64.5 నుండి 115.5 వరకు భారీ, 115.6 నుండి 204.4 వరకు అతి భారీ. అంతకు మించితే అత్యంత భారీ వర్షం. ప్రదేశాన్ని చెప్పే మాటలకు కూడ కొలత ఉన్నది. ఒక ప్రాంతంలోని కేంద్రాలలో నాల్గవ వంతుకు మించకుండా వాన పడితే "ఒకటి రెండు చోట్ల". సగం వరకు అయితే "కొన్ని చోట్ల". ముప్పాతిక వరకు అయితే "చాలా చోట్ల". ఆపైన "దాదాపు అన్ని చోట్ల". కనుక "ఒకటి రెండు చోట్ల వాన" అన్న రోజున గచ్చిబౌలి తడిసి, మాదాపూరు పొడిగా ఉంటే సూచన తప్పినట్లు కాదు.

పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు వాన పరిమాణాన్ని మాత్రమే కాక, ప్రజలు ఎంత సిద్ధంగా ఉండవలెనో తెలుపుతాయి. పసుపు అంటే గమనించుచుండవలెను. నారింజ అంటే సిద్ధపడవలెను. ఎరుపు అంటే చర్యకు దిగవలెను. వాయుగుండపు రాకను కొన్ని రోజుల ముందు చెప్పవచ్చును. వేసవి సాయంకాలం ఒక్క పేటపై పెరిగే ఉరుముల మేఘాన్ని మాత్రం ముందునాడు ఫలానా చోటనే అని చెప్పుట సాధ్యం కాదు. రాడార్ చూచి మూడు గంటల లోపు సూచన మాత్రమే ఇస్తారు.

ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక వర్షమాపకం ఉంచి, ఉదయం 8:30 కు విద్యార్థులచేత కొలిపించుట కష్టమయిన పని కాదు. నిలువు గోడల డబ్బా, గీతల బద్ద ఉంటే మొదలుపెట్టవచ్చును. కొలత వ్రాసిన తరువాత దానిని పాఠశాల ఆవరణ విస్తీర్ణంతో హెచ్చవేసి, అన్ని లీటర్ల నీరు ఎటు పోయినదో వెదకి చూడవలెను. కొంత చెట్ల మొదళ్లలో, కొంత బావిలో, మిగిలినది గేటు దాటి రోడ్డుపై కనిపిస్తుంది. శంషాబాదు వర్షమాపకం 1908లో తన పని తాను చేసినది. ఆ అంకెను నీటిగా చదివి, సమయానికి దిగువవారికి చెప్పే పని మనుషులది.