నీటికంటె ముందు ఎరుక

1944 ఏప్రిల్ 14వ తేదీ మధ్యాహ్నము బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలిచియున్న ఫోర్ట్ స్టికిన్ అను ఓడనుండి పొగ లేచినంతనే పరుగున వచ్చిన అగ్నిమాపకదళమువారు దాని గర్భములోనికి 900 టన్నులకు పైగా నీరు కుమ్మరించిరి. కాని పత్తిబేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములను మోసికొనివచ్చిన ఆ ఓడ సాయంకాలము నాలుగు దాటగనే బ్రద్దలయ్యెను. అరగంటలోపలనే రెండవ ప్రేలుడు సంభవించెను. నాడు అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14న అగ్నిమాపక సేవా దినము జరుపుకొనుచున్నాము.

జలము అగ్నిని అణచునన్నది అందరమెరిగినదే. అయినను రసాయనముల విషయమున ఆ మాట అన్నివేళల చెల్లదు. అమోనియా కారునపుడు నీటి తుంపరలు ఆ ఆవిరిని తమలో కలుపుకొని జనులను కాపాడును. క్లోరిన్ కారుచున్న రంధ్రముపై అదే నీరు పడెనా, లోహమును తినివేయు ఆమ్లము పుట్టి రంధ్రము మరింత పెద్దదగును. కాల్షియం కార్బైడుపై పడెనా, భగ్గున మండు ఎసిటిలీన్ వెలువడును. కావున ఎదుట నున్నదేదో ముందుగ తెలిసికొనుటయే రసాయన ప్రమాదముల నెదుర్కొను విద్యలో ప్రథమ సోపానము.

ట్యాంకరుపై నుండు పలకలోని నాలుగంకెల సంఖ్య అందులకు తొలి ఆధారము: 1017 అనిన క్లోరిన్, 1005 అనిన అమోనియా, 1203 అనిన పెట్రోలు. శిక్షణ పొందిన అధికారి గాలివాలు చూచుకొని, ఫైరింజనును గాలికి ఎగువన నిలిపి, దుర్భిణితో దూరమునుండియే ఆ అంకెలు చదివి, పిమ్మటనే శ్వాసపరికరములు ధరించిన సిబ్బందిని జంటలుగ లోనికి పంపును. తిరిగివచ్చినవారి దుస్తులకంటిన విషమును కడిగివేయుటకు వేరొకచోటు ముందే ఏర్పరచును.

1984 డిసెంబరులో భోపాలునందు మిథైల్ ఐసోసయనేట్ వేలమందిని పొట్టనబెట్టుకొనిన పిదప, 1989లో ప్రమాదకర రసాయనముల నిబంధనలును, రసాయన ప్రమాదముల నెదుర్కొనుటకు జిల్లాలయందు బృందములను నెలకొల్పు 1996 నాటి నిబంధనలును వెలువడినవి. కర్మాగారపు గోడ దాటు ప్రమాదమునకు జిల్లా యంత్రాంగము ప్రణాళిక రచించి, ఏడాదికొకమారు మాక్ డ్రిల్ జరిపి సరిచూచుకొనవలెను. విశాఖపట్టణమున 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో ఎల్‌పీజీ కారి చెలరేగిన అగ్నియు, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమును కమ్మిన స్టైరీన్ ఆవిరియు, కాగితముపైని ప్రణాళిక మాత్రమే చాలదని కన్నీటితో బోధించినవి.

మీ ఊరి పొలిమేరలో కర్మాగారమున్నచో, అందు నిలువయుండు రసాయనముల పట్టిక మీ ఫైర్ స్టేషనుకు చేరినదా, కడపటి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగినది అని గ్రామసభయందు నిలిచి అడుగుడు. అడుగుట పౌరుల హక్కు. జవాబు చెప్పుట అధికారుల ధర్మము.