రైలు దిగాక: తిరువళ్ళూరు, తిరుత్తణి అద్దె సైకిళ్ళ కథ

పట్టణవాసులు పబ్లిక్ సైకిలు ఎందుకు ఎక్కుతారంటే ఆరోగ్యం, పర్యావరణం అనే జవాబులు వెంటనే వస్తాయి. తిరువళ్ళూరు, తిరుత్తణి లాంటి రైలు ఊళ్ళ గతం చూస్తే అవి రెండో వరస కారణాలుగానే తోస్తాయి. మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు స్టేషను దాకా 1856లో మొదలైన రైలు దారి తిరువళ్ళూరు మీదుగా పోయింది. తిరుత్తణి అరక్కోణం–రేణిగుంట దారిలో ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు తగాదా తీర్చిన పటాస్కర్ సూత్రం ప్రకారం తిరుత్తణి ఆంధ్రలోని చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. హద్దు జరిగింది గానీ పట్టాలు జరగలేదు. రైలు మనిషిని స్టేషనులో దించుతుంది, అక్కడితో దాని పని సరి. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడికి నడిచి పోవాలంటే పొద్దుపోతుంది, బండి మాట్లాడుకుంటే డబ్బు పోతుంది. దక్షిణాది చిన్న పట్టణాల్లో అద్దె సైకిలు కొట్టు బతికింది ఇలాంటి చిన్న దూరాల మీదే.

ఆ కొట్ల పద్ధతి ఎంత సాదాగా ఉండేదో అంత గట్టిగా ఉండేది. మడ్‌గార్డు మీద అంకె, పుస్తకంలో పేరు, వీధి, తీసుకున్న వేళ. కొత్త ముఖమైతే తెలిసినవాళ్ళ పూచీ. 1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే ఉద్యమానికి చెందిన యువకులు తాళం లేని తెల్ల సైకిళ్ళను ఎవరైనా వాడుకోవచ్చని వీధిలో పెడితే, పోలీసులు వాటిని పట్టుకుపోయారు. ఆ ప్రయోగం నిలవలేదు. మన కొట్టువాడికి ఆదర్శం లేదు, లెక్క ఉంది. తీసుకునేవాడికీ అంతే: కొనే స్తోమత లేదు, గంట అద్దె ఇవ్వగలడు. అయితే ఒక చిక్కుంది. సైకిలు తెచ్చిన కొట్టుకే తిరిగి అప్పజెప్పాలి, కచేరీలో కూర్చున్నంతసేపూ అద్దె పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి అది బజారు పనికీ పిల్లలు నేర్చుకోడానికీ పనికొచ్చింది గానీ రోజూ ఉద్యోగానికి పోయేవాడికి కాదు.

సొంత బండి చేతికందగానే ఆ కొట్టు చితికింది. ఇదే రైలు దారిలోని అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ హెర్క్యులిస్ బండ్లు చేసింది. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ వచ్చింది. 2001 తర్వాత తమిళనాడు ప్రభుత్వం పై తరగతుల పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇవ్వసాగింది. ఇంటింటా సైకిలుండగా పంచుకునేదెవరు, అద్దె సైకిలు పేదరికపు అవసరమే కదా అనేవాళ్ళ వాదన ఇక్కడ బలంగానే ఉంది. కానీ ఇంట్లో ఉన్న బండి రైలెక్కదు. మద్రాసుకు పోయేవాడి సైకిలు సాయంత్రం దాకా స్టేషను స్టాండులో ఊరికే నిలబడి ఉంటుంది. 1997లో తిరువళ్ళూరు జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరాఫీసు పనులకు ఎదురు దిశలో వచ్చేవాళ్ళకు అదే స్టేషను ముందు సైకిలుండదు. ఒకచోట తీసి మరోచోట వదిలేసే ఏర్పాటు తీర్చేది ఈ కొరతనే. కొనే బాధ కంటే కాపలా బాధ, పంక్చరు బాధ తప్పడమే ఇప్పటి ఆకర్షణ.

పారిస్‌లో 2007లో వెలీబ్ అనే అలాంటి సైకిళ్ళ ఏర్పాటు మొదలుపెట్టినప్పుడు సుమారు 300 మీటర్లకో స్టాండు పెట్టి, మొదటి అరగంట ఉచితం చేశారు. నమ్మకం దూరాన్ని బట్టే కలుగుతుందని వాళ్ళు గ్రహించినట్టే ఉంది. మైసూరులో 2017లో ట్రిన్ ట్రిన్, చెన్నైలో 2019లో స్మార్ట్‌బైక్ ఆ దారినే వచ్చాయి. పూచీ మనిషి చోటును ఫోను తీసుకుంది. ఎండ మాటేమిటంటారా? పొద్దున పది నిమిషాల దూరానికి అది పెద్ద అడ్డు కాదు, మన పాల బండ్లవాళ్ళు ఎన్నడూ నీడ కోసం ఆగలేదు. రోడ్డు మాట వేరు. తిరువళ్ళూరు, తిరుత్తణి రెండూ చెన్నై–తిరుపతి హైవే మీదున్నాయి. అద్దె కొట్ల కాలంలో ఆ రోడ్డు మీద ఇన్ని లారీలు లేవు. స్టేషను నుంచి బజారు దాకా సైకిలుకు విడిగా దారి ఇవ్వకుండా స్టాండు మాత్రం పెడితే, ఎక్కేవాడి భయానికి పాత చరిత్రలో జవాబు దొరకదు.