సురేకారము - నూనియాల నేర్పు

నీరు వేడెక్కినకొలది పదార్థములన్నియు నొకే తీరున నెక్కువగా కరుగునని పెక్కురు తలంతురు. అది నిజము కాదు. నూరు గ్రాముల నీటిలో సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వంటయుప్పు సుమారు 36 గ్రాములు కరుగును. మరుగునీటిలోనైనను 39 గ్రాములే. పెట్లుప్పనబడు సురేకారమన్ననో, చన్నీట 13 గ్రాములు కరుగునది మరుగునీట సుమారు 245 గ్రాములు కరుగును.

ఈ భేదముపై నొకప్పుడు రాజ్యముల యుద్ధబల మాధారపడియుండెను. ఏలయన, తుపాకిమందులో రమారమి ముప్పాతికపాలు సురేకారమే. మట్టినుండి తీసినపుడు దానితో వంటయుప్పును కలిసియే వచ్చును. రెంటిని వేరుచేయు నేర్పు బీహారునందు నూనియాలను కులమువారిది. వారు పాతగోడల మొదళ్లను, పశువులశాలలను గీరి మట్టి తెచ్చి, బూడిద చేర్చి, నీరు పోసి వడియగట్టి, ఆ నీటిని కాచెడివారు. నీరిగురుచుండగా వంటయుప్పు మరుగుచున్న కుండలోనే యడుగున దిగును. సురేకారము వేడినీటిలో కరిగియే యుండును. ఆ నీటిని వేరుగా తీసి చల్లార్చిన, సురేకారము స్ఫటికములై పేరుకొనును.

ప్లాసీయుద్ధము జరిగిన మరుసటియేట, 1758లో, ఈస్టిండియా కంపెనీ మీర్ జాఫరు వలన బీహారు సురేకారముపై గుత్తాధికారము పొందెను. పాట్నానుండి గంగమీదుగా కలకత్తాకును, అటనుండి ఇంగ్లండునకును సరకు సాగెను. లాభము కంపెనీది, పొగయు మసియు నూనియాలవి. పిమ్మట ఉప్పుపన్ను వచ్చినప్పుడు, తమ కుండలో దిగిన యుప్పును సుంకము చెల్లింపక వాడుకొనుటయు వారికి నేరమయ్యెను. 1930 ఉప్పు సత్యాగ్రహమున, సముద్రతీరము లేని బీహారుప్రజ యీ యుప్పుమట్టినే కాచి శాసనమును ధిక్కరించినది.

1819లో గేలుస్సాకను ఫ్రెంచి రసాయనవేత్త లవణముల ద్రావణీయత వేడితో మారు తీరును కొలిచి ప్రకటించెను. కొలత లేనిదే నేర్పు శాస్త్రము కానేరదు. ఆ గౌరవ మాయనకు చెల్లవలసినదే. కాని యాయన కొలిచిన ధర్మమును నూనియాలు అంతకుముందే చేతితో నెరిగియుండిరి. మన సంఘము వారి కులమును హీనముగా నెంచినదే కాని, ఆ కుండలో నేమి జరుగుచున్నదని యడుగలేదు. అడిగి, చూచి, వ్రాసియుంచిన పండితుడొకడు మనలో బయలుదేరియున్నచో, ఆ జ్ఞానము మన పాఠశాలలకు పరదేశపు పుస్తకముల త్రోవనే రావలసిన యగత్యము లేకపోయెడిది. పనిచేయు చేతిని దూరముంచిన విద్య తన కన్నును తానే మూసికొన్నట్లు.