మట్టిగోడ, టేకు దూలం

1638 తర్వాత డెలావేర్ లోయలో స్థిరపడ్డ స్వీడన్, ఫిన్లాండ్ వలసదారులు దుంగలనే అడ్డంగా పేర్చి గోడలు లేపారు. టేకు అడవులకు దూరం కాని జగిత్యాల, కోరుట్లల్లో మాత్రం పాత పెంకుటిండ్ల గోడ మట్టిదే. కలపంతా గుంజలకు, దూలాలకు, వాసాలకు, దర్వాజలకు. మట్టిగోడ పేదరికపు గుర్తని కొందరంటారు. అట్లయితే కలిగినవారి భవంతి ఇండ్లలోనూ మూరెడు మందపు మట్టిగోడలెందుకు? నా లెక్కలో అసలు కారణాలు చెదలు, ఎండ. నేలకానిన దుంగను చెద తొలుస్తుంది. మందపు మట్టి ఎండాకాలపు వేడిని లోపలికి రానివ్వదు. వానకు మట్టి కరగదా అంటే, కరుగుతుంది. అందుకే చూరును ముందుకు చాచి, వానాకాలానికి ముందే గూనపెంకలు తిరగవేసేవారు.

మట్టి అవసరం గోడకే కాదు. సిరిసిల్ల నేతకారులకు ఒకప్పుడు ఇల్లే పనిచోటు. గుంటమగ్గం నేలలోకి దిగుతుంది. మట్టినేల చెమ్మ నూలు పోగు తెగకుండా కాస్తుంది. అక్కడ గోడకన్నా నేలే ముఖ్యంగా ఉండేది. మరమగ్గాలు వచ్చాక ఆ గుంటలు పూడిపోయాయి.