అంబాసిడరు కారు - ఇంజను మార్పిడి

పత్తి, మిరప పండు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానములో 1960 ప్రాంతమున ఎవరి ఇంటి ముందైనను కారు నిలిచి యున్నదనిన, అది అంబాసిడరో, ఫియటో, జీపో అయి యుండెడిది. వీనిలో అంబాసిడరు 1957-58లో ఉత్తరపాడా కర్మాగారము నుండి వెలువడినది. కొద్దికాలములోనే దానికి 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును అమర్చిరి. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తులు.

1973 చివర అరబ్బు దేశములు చమురు ఎగుమతులను తగ్గించగా ముడిచమురు ధర కొద్ది నెలలలోనే దాదాపు నాలుగింతలైనది. మన దేశములో పెట్రోలు ధర బాగుగా పెరిగినది. లారీలకును, సేద్యపు యంత్రములకును కావలసిన డీసెలును ప్రభుత్వము చౌకగా ఉంచినది. కారు షెడ్డులలో ఇంజను మార్పిడికి ఈ ధరల తేడాయే మూలము. 1980 ప్రాంతమున అంబాసిడరులోనే డీసెలు రకము వచ్చినది. దాని పరిమాణమును 1489 ఘన సెంటీమీటర్లే, శక్తి మాత్రము 37 అశ్వశక్తులు!

శక్తి తగ్గిన ఇంజనును డబ్బిచ్చి కొనుటెందుకు? సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు గొట్టము వేడెక్కుట విద్యార్థు లెరిగినదే. డీసెలు ఇంజనులో గాలిని ఇరవయ్యవ వంతుకు మించి కుదించుటచే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కును. చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకయే అంటుకొనును. పెట్రోలు మిశ్రమమును అంతగా కుదించినచో వేళకు ముందే మండి ఇంజను కొట్టుకొనును. కుదింపు ఎక్కువైన కొలది మండిన వాయువు ఎక్కువగా వ్యాకోచించి, వేడిలో ఎక్కువ భాగమును పనిగా మార్చును. అందుచే లీటరుకు నడచు దూరము హెచ్చు. అయితే డీసెలు ఇంజను అంత వేగముగా తిరుగజాలదు. కావున అశ్వశక్తులు తక్కువ.

రెండు ఇంజనులును బ్రిటిషు మోటారు కార్పొరేషను వారి ఒకే కుటుంబమునకు చెందినవి. కావున పాత పెట్రోలు బండిలో డీసెలు ఇంజనును కూర్చోబెట్టుట కొంత తేలిక. అట్లని బోల్టులు బిగించుటతో పని ముగియదు. బరువు పెరుగును గనుక ముందరి స్ప్రింగులు చూడవలెను. స్టార్టు చేయుటకు బలమైన బ్యాటరీ కావలెను. అదరు ఎక్కువ గనుక రబ్బరు దిమ్మలు మార్చవలెను. 1992 ప్రాంతమున వచ్చిన 75 అశ్వశక్తుల ఇసుజు పెట్రోలు ఇంజనునకు అయిదు గేర్ల పెట్టె జత. వేగము కోరువారికి అదియే ఆకర్షణ. కాని పాత బండికి అంత శక్తి నిచ్చి పాత బ్రేకులనే ఉంచుట ప్రమాదకరము.

లాభనష్టములను చిన్న లెక్కతో చూతము. డీసెలు ధర లీటరు ఒక పాలు, పెట్రోలు రెండు పాళ్లు అనుకొందము. పెట్రోలు బండి లీటరుకు 9, డీసెలు బండి 15 కిలోమీటర్లు నడచు ననుకొందము. ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరుగువానికి పెట్రోలుపై 4,000 పాళ్లు, డీసెలుపై 1,200 పాళ్లు ఖర్చు. మిగులు 2,800. పెండ్లిండ్లకును, పండుగలకును మాత్రమే బండి తీసి 1,800 కిలోమీటర్లు తిరుగువానికి మిగులు 280 మాత్రమే. మొదటివాడు ఒక ఏడాదిలో రాబట్టుకొను పెట్టుబడికి రెండవవానికి పదేండ్లు పట్టును. అట్టివాడు ఉన్న ఇంజనుకే బోరు చేయించి, కొత్త పిస్టనులు వేయించుకొనుట మేలు. పైగా ఆ ధరల తేడా కూడ నిలువలేదు. 2010లో పెట్రోలు ధరపైనను, 2014లో డీసెలు ధరపైనను ప్రభుత్వము నియంత్రణను ఎత్తివేసినది. అంబాసిడరు తయారీయును 2014లోనే ఆగిపోయినది.

డబ్బు కన్న గట్టి అడ్డంకి కాగితములలో ఉన్నది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఇంజను తీయక మునుపే రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. 2021 నిబంధనలలో ఏబది ఏండ్లు దాటిన బండ్లకు ప్రాచీన వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పడినది. చాసిస్ గాని, బాడీ గాని, ఇంజను గాని మార్చక, అసలు రూపమున నిలిపిన బండికే ఆ గుర్తింపు. డీసెలు ఆదాకై పెట్రోలు ఇంజనును పాత ఇనుమునకు అమ్మివేసిన అంబాసిడరునకు, అది ఎంత పాతదైనను, ఈ వరుసలో చోటు లేదు.