బండి ఆపి ఉన్నా పెట్రోల్ వాసన వస్తోందా? ‘ఈవాప్’ సిస్టమ్ గురించి తెలుసుకోండి

హైదరాబాద్: యాకుత్‌పురా, తలాబ్‌కట్టా, షాలిబండా లాంటి పాతబస్తీ గల్లీల్లో చాలా ఇళ్లకు పార్కింగ్ జాగా ఉండదు. రాత్రయితే స్కూటర్‌ను గుమ్మం లోపలికో, మెట్ల కిందికో తోసి పెడతారు. పొద్దున లేచేసరికి ఇంట్లో పెట్రోల్ వాసన. ‘బండి అన్నాక వాసన రాదా’ అని వదిలేస్తారు. కానీ కొత్త బండ్లలో ఇది మామూలు విషయం కాదు. వాసన బయటికి రాకుండా ఆపడానికే వాటిలో ఒక సిస్టమ్ ఉంది. దాని పేరు ఈవాపరేటివ్ ఎమిషన్ కంట్రోల్, పొట్టిగా ఈవాప్.

ఎప్పటి నుంచి?

కార్లకు ఈ సిస్టమ్‌ను మొదట తప్పనిసరి చేసింది అమెరికాలోని కాలిఫోర్నియా, 1970లో. మన దేశంలో టూ వీలర్లకు ఆవిరి మీద పరిమితి బీఎస్-4తో వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి బండ్లన్నిటికీ బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాయి.

ఎలా పనిచేస్తుంది?

ఎండకు ట్యాంకులో పెట్రోల్ ఆవిరవుతుంది. ఆ ఆవిరి పైపు ద్వారా క్యానిస్టర్ అనే చిన్న డబ్బాలోకి వెళ్తుంది. అందులోని యాక్టివేటెడ్ బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది. బయటి గాలి బొగ్గులోంచి పోతూ ఆవిరిని ఇంజన్‌లోకి తీసుకెళ్తుంది, అక్కడ కాలిపోతుంది. అంటే గాలిలో కలిసిపోయే పెట్రోల్ కూడా బండికే పనికొస్తుంది.

ఎందుకు పాడవుతుంది?

పెద్ద కారణం మనమే. పంపులో ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయిస్తాం. అప్పుడు ఆవిరికి బదులు పెట్రోలే క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గు తడిసిపోతుంది. పైపులు పగలడం, ట్యాంక్ మూత రబ్బరు అరగడం, పర్జ్ వాల్వ్ ఇరుక్కుపోవడం మిగతా కారణాలు.

ఎలా కనిపెడతారు?

* ఆపి ఉన్న బండి దగ్గర వాసన వస్తే ముందు మూత రబ్బరు, పైపులు చూడాలి.
* పెట్రోల్ పోయించిన వెంటనే స్టార్ట్ కాకపోయినా, ఐడిల్‌లో వణికినా, పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. కారులో సాధారణంగా కరెంటు లేనప్పుడు వాల్వ్ గుండా గాలి పోకూడదు. ఇది హ్యాండ్ పంప్‌తో చూడాలి, నోటితో ఊదకూడదు.
* చెక్ ఇంజన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టించాలి. పీ0443 అంటే పర్జ్ వాల్వ్ సర్క్యూట్‌లో లోపం, పీ0455 అంటే పెద్ద లీక్. లైట్ వెలగనంత మాత్రాన లీక్ లేనట్టు కాదు.
* లీక్ దొరకకపోతే స్మోక్ టెస్ట్. లైన్‌లోకి పొగ పంపితే రంధ్రం ఉన్నచోట బయటికొస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అనుకోవద్దు. ఆ పరీక్ష సైలెన్సర్ పొగనే చూస్తుంది, ట్యాంక్ ఆవిరిని కాదు.

ఇంట్లో జాగ్రత్త

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. నేల మీదే పేరుకుంటుంది, పిల్లలు పడుకునేదీ అక్కడే. అందులోని బెంజీన్ క్యాన్సర్ కారకం. చిన్న నిప్పురవ్వ తగిలినా మంట అంటుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయకుండా, స్టవ్ వెలిగించకుండా తలుపులు తెరిచి బండిని బయటికి తొయ్యాలి. ‘ఈ డబ్బా అక్కర్లేదు, తీసేద్దాం’ అని మెకానిక్ భాయ్ అంటే ఒప్పుకోవద్దు. డబ్బా తీసేస్తే ఆ ఆవిరి వచ్చేది ఇంట్లోకే.