మరమ్మతుకు ముందు పరీక్ష

ప్రాచీనమైన కట్టడము శిథిలమగుచున్నదని తెలిసినంతనే తాపీపనివారిని పిలిపించి, సున్నము కలిపించి, పగుళ్లు పూడ్పించుట లోకాచారము. పగులు ఎక్కడ పుట్టినది, ఎంత లోతునకు పోయినది, ఏ రాయి దేనిపై ఆనియున్నది అను విచారము తరువాతి మాటగా నుండును. పరీక్ష వెనుకబడి మరమ్మతు ముందు నడచినపుడు ఏమి జరుగునో, పరీక్ష ముందు నడచినపుడు ఏమి ఒనగూడునో రెండు ప్రసిద్ధ కట్టడముల చరిత్ర తెలుపుచున్నది.

ఇటలీ దేశమున వెనీసు నగరమున సెయింట్ మార్కు దేవాలయము చెంత, ఇంచుమించు 100 మీటర్ల ఎత్తుగల ఇటుకల ఘంటాశిఖరము శతాబ్దముల తరబడి నిలిచియుండెను. పిడుగుపాటులకును అగ్నిప్రమాదములకును అది పలుమారులు గురియైనది. 1885లో జాకోమో బోని అను వాస్తుశాస్త్రజ్ఞుడు పునాదిని త్రవ్వించి చూచి, క్రింద పాతిన కొయ్యలు దృఢముగనే యున్నవని కనుగొనెను. కాని ఆపద పునాది నుండి రాలేదు. 1902 జూలైలో శిఖరపు మొదట నానుకొనియున్న లొజ్జెట్టా అను చిన్న మంటపపు పైకప్పును బాగుచేయుచు, వాననీరు దిగకుండ అమర్చిన రాతిపలకలను తీయుటకై పనివారు శిఖరపు గోడలోనికే గంటు కొట్టిరి. ఆ చోట గోడ లోపలి బలమెంతయో తెలియకయే కొట్టిన గంటు అది. కొలది దినములలో పగులు పైకి ప్రాకెను. 13వ తేదీన అక్కడి చౌకులో జరుగవలసిన బ్యాండుమేళమును ఆపివేసిరి. 14వ తేదీ ఉదయము 10 గంటలకు కొంచెము ముందు శిఖరమంతయు కూలి ఇటుకల కుప్పయై పోయెను. చౌకును ముందే ఖాళీ చేయించుటచే మనుష్యులెవరును మరణింపలేదు. అదే స్థలమున, అదే రూపమున మరల నిర్మించి 1912 ఏప్రిలు 25న ప్రారంభోత్సవము జరిపిరి. ప్రాణములు దక్కినవి గాని అసలు కట్టడము దక్కలేదు.

అన్ని చోట్లను అంతటి అదృష్టము కలుగలేదు. 1979లో న్యూయార్కు నగరమున ఒక భవనము పైనుండి ఊడిపడిన ముక్క తగిలి, వీధిని పోవుచున్న కళాశాల విద్యార్థిని మరణించెను. మరుసటి సంవత్సరమున, ఆరంతస్తులకు మించిన భవనముల వీధి ముఖములను ఐదేండ్లకొకమారు నిపుణులచే పరీక్ష చేయింపవలెనని ఆ నగరము శాసించెను. 1998లో ఆ నియమమును భవనముల తక్కిన ప్రక్కలకు కూడ విస్తరింపజేసిరి.

ఇక రెండవ కట్టడము అమెరికా రాజధానియందలి వాషింగ్టన్ స్మారకస్తంభము. 1848లో ఆరంభమై, ధనము చాలక 1854లో నిలిచిపోయి, 1879లో మరల సాగి, 1884లో ముగిసిన ఈ రాతికట్టడపు ఎత్తు 555 అడుగులు. నడుమ పని ఆగిన ఆనవాలు పాలరాతి రంగులోని తేడాలో నేటికిని కనిపించును. 2011 ఆగస్టు 23న 5.8 తీవ్రతతో సంభవించిన భూకంపమున దీని పైకొన యందలి రాళ్లు పగిలెను. లోపలి నుండి చూచినచో పగుళ్ల గుండ వెలుతురు కానవచ్చెను.

అప్పుడు అధికారులు తొందరపడి పగుళ్లు పూడ్పింపలేదు. అంత ఎత్తునకు పరంజా కట్టుట నెలల పని; ఎచ్చట ఏ పని అవసరమో తెలియక కట్టిన పరంజా వ్యర్థవ్యయము. కనుక మొదట చూడవలెననియు, చూచుటకు పరంజా అక్కరలేని మార్గము వెదకవలెననియు నిశ్చయించిరి. సెప్టెంబరు చివరను ఇంజనీర్లు త్రాళ్లు కట్టుకొని శిఖరము నుండి నాలుగు ముఖములను దిగుచు పరీక్షించిరి. పూర్వపు మరమ్మతుల నాటి పటములను వెంట నుంచుకొని, ప్రాత పగులేదో క్రొత్త పగులేదో పోల్చి గుర్తించిరి. సుత్తితో మెల్లగా తట్టి శబ్దమును విని, గట్టి రాయిని, లోన విడిన రాయిని వేరుపరచిరి. ఊడి పడబోవు ముక్కలను అప్పటికప్పుడే చేతితో తీసివేసిరి. ఒకనాడు పెనుగాలి వీచి ఒక ఇంజనీరును మూల దాటించి ప్రక్క ముఖమునకు త్రోసెను. అయినను ఆయన క్షేమముగ బయటపడెను. ఈ పరీక్ష అక్టోబరు మొదటి వారమున ముగిసెను.

తరువాతనే అంచనాలు, నిధులు, పరంజా, పని. సుమారు 1 కోటి 50 లక్షల డాలర్ల వ్యయములో సగము ఒక దాత సమకూర్చెను. పగుళ్లు నింపి, విరిగినచోట రాతి అతుకులు వేసి, పైకొన పలకలను ఉక్కు పట్టీలతో బిగించి, 2014 మే 12న స్తంభమును ప్రజలకు తిరిగి తెరచిరి.

ఈ చరిత్ర దూరదేశములదే యైనను ఇందలి ప్రశ్న మనకును దగ్గరిదే. 1591లో నిర్మితమైన చార్మినారు మీనారు నుండి 2019 మే నెలలో సున్నపు అలంకారపు ముక్క ఒకటి ఊడి పడెను. ఎవరికిని గాయములు కాలేదు. అటువంటి వేళ మొదట చేయవలసినది క్రింద జనసంచారము నాపుట. పిమ్మట ప్రాత పటములు వెదకుట. ప్రతి ముఖమును భాగములుగా విభజించి, దగ్గరనుండి చూచి, తట్టి, కనుగొన్న దానినెల్ల వ్రాసియుంచుట. సున్నము కలుపుట ఆ తరువాతి పని. వెనీసులో పోయినది ఒక గోడ మాత్రమే కాదు, ఆ గోడను ముందుగా తెలిసికొనుటకు ఉండిన అవకాశము కూడ. వాషింగ్టనులో దక్కినది ఆ అవకాశమే.